పద్దు ఊరిది, జబ్బు నాది



ఈ పాఠం కాస్త పెద్దది. ఒక్క రోజులో అయిపోవాలని లేదు. రెండు మూడు సాయంత్రాలు కూర్చుని చదవండి. తెలియని మాట వస్తే ఆగండి. చివర్లో కొత్త మాటలకు అర్థాలు ఉన్నాయి.

గోడ మీద కాగితం

మా సాయంత్రం బడికి పదహారు మంది ఆడవాళ్ళు వస్తారు. పొద్దంతా కొందరికి పలకల పని. కొందరికి మిరప చేలో పని. దీపాలు పెట్టే వేళకు బడి. అక్షరాలు వచ్చాయి. గుణింతాలు వచ్చాయి. ఒత్తులు కూడా పట్టుబడ్డాయి. అప్పుడు నేను వాళ్ళకొక పని చెప్పాను.

"రేపటి నుంచి కంటికి కనబడిన ప్రతి అక్షరం చదవండి. బస్సు బోర్డు చదవండి. మందు సీసా చదవండి. పంచాయతీ ఆఫీసు గోడ మీద ఏ కాగితం ఉన్నా పైకి చదవండి" అన్నాను.

మర్నాడు కరువు పని నుంచి వస్తూ నలుగురు పంచాయతీ ఆఫీసు ముందు ఆగారు. గోడ మీద కొత్త కాగితం అంటించి ఉంది. ఒక చెల్లెలు వేలు పెట్టి కూడబలుక్కుని చదవసాగింది. ముందు పేరు ఉంది. తర్వాత డబ్బు అంకె ఉంది. ఆ పక్కన "క్షయ" అని ఉంది. "క్ష" ఆమె ఆ వారమే నేర్చుకుంది. కష్టమైన అక్షరం వచ్చిందన్న సంతోషంతో గట్టిగా చదివింది.

ఆ పేరు పక్కనే నిలబడిన అక్కది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ అక్క తట్ట ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మూడు రోజులు బడికి రాలేదు. నేను ఇంటికి వెళ్ళాను.

"టీచరమ్మా, ఆరు నెలలు మందులు మింగినా. తగ్గిపోయిందని డాక్టరు చెప్పినాడు. నాకూ, నా ఇంటాయనకూ, ఆశా అమ్మకూ తప్ప ఎవురికీ తెలవదు. ఇప్పుడు బోరింగు కాడికి పోతే బిందెలు పక్కకి జరుపుకుంటుండారు. కూతురికి సంబంధం చూస్తుండాము. వాళ్ళ చెవిన పడితే ఎట్టా?" అంది.

కాసేపాగి ఇంకో మాట అంది. "నువ్వే కదా చదవమంటివి."

నాకు జవాబు రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా రాలేదు.

తప్పు ఎవరిది?

చదివిన చెల్లెలిది తప్పు కాదు. జబ్బు పడిన అక్కది అసలే కాదు. క్షయ ఎవరికైనా రావచ్చు. అది జబ్బు ఉన్నవారు దగ్గినప్పుడు గాలి ద్వారా అంటుతుంది. బిందె తాకితే అంటదు. బట్టలు తాకితే అంటదు. డాక్టరు చెప్పినన్నాళ్ళు మందులు మానకుండా వాడితే నయమవుతుంది. నయమైన మనిషిని చూసి జరగడం మన తెలియనితనం.

మరి కాగితం ఎందుకు అంటించారు? వెళ్ళి అడిగాను. ఆఫీసులో ఉన్నాయన ఇలా అన్నాడు: "క్షయ ఉన్నవారికి మంచి తిండి కోసం ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. ప్రభుత్వం డబ్బు ఎవరికి ఇచ్చామో అందరికీ తెలియాలి కదమ్మా. దాచిపెడితే మీరే వచ్చి అడుగుతారు."

ఆయన చెప్పింది సగం నిజం. ఆ డబ్బు సంగతి నిజమే. ఆ పథకం 2018 ఏప్రిల్‌లో మొదలైంది. మొదట నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. ఆ డబ్బు లెక్క ఊరికి తెలియాలి. అదీ నిజమే. కానీ ఆ పట్టీలో పేరు ఉందంటే జబ్బు ఉందని అర్థం. డబ్బు పట్టీయే జబ్బు పట్టీ అయింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఈ చిక్కు విప్పాలంటే రెండు సంగతులు తెలుసుకోవాలి. పద్దు ఎందుకు తెరిచి ఉండాలి? జబ్బు పేరు ఎందుకు మూసి ఉండాలి?

పద్దు ఎందుకు తెరిచి ఉండాలి?

రాజస్థాన్ రాష్ట్రంలో 1990లో కూలీలు, రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. చేసిన పనికి కూలి సరిగా రావడం లేదు. కాగితాల్లో మాత్రం ఇచ్చినట్టు రాసి ఉంది. "ఆ కాగితాలు మాకు చూపించండి" అని వాళ్ళు అడిగారు. చూపించలేదు. 1996లో బియావర్ అనే పట్నంలో నలభై రోజులు ధర్నా చేశారు. అందులో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇలాంటి పోరాటాల వల్లనే 2005లో దేశానికి సమాచార హక్కు చట్టం వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 12 నుంచి అమలయింది.

మన రాష్ట్రంలో 2006 నుంచి కరువు పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. ఎవరు ఎన్ని రోజులు పనికి వచ్చారో, ఎంత కూలి ఇచ్చారో ఊరందరి ముందు చదివారు. పనికి రానివాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు మస్టరులో ఉంటే అప్పుడు బయటపడతాయి. పద్దు పైకి చదివితే దొంగ దొరుకుతాడు.

జబ్బుల లెక్క కూడా తెరిచి ఉంటేనే మంచిది. మన ప్రాంతం సంగతే చూడండి. మన పడమటి పల్లెల్లో చాలాచోట్ల నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. పళ్ళు గారపడతాయి. ఎముకలు బిగుసుకుపోతాయి. నడుము వంగిపోతుంది. "మా కర్మ" అనుకున్నారు పూర్వం. 1937లో డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషులను పరీక్ష చేశారు. ఇది నీళ్ళ వల్ల వచ్చే జబ్బని రాసి ప్రకటించారు. మన దేశంలో ఈ జబ్బును గుర్తించి రాసింది అదే మొదలు. ఆ నేల 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చింది. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. ఎంతమందికి ఉందో లెక్క తెలిసింది కాబట్టే "మాకు మంచి నీళ్ళు ఇవ్వండి" అని అడగగలిగాం.

కానీ ఒకటి గమనించండి. నీళ్ళు అడగడానికి లెక్క కావాలి. ఏ ఇంటి కోడలి నడుము వంగిందో పేరు అక్కర్లేదు.

జబ్బు పేరు ఎందుకు మూసి ఉండాలి?

మనం డాక్టరు దగ్గర దాచం. దాస్తే వైద్యం జరగదు. కట్టుకున్నవాడికి చెప్పని మాట కూడా నర్సమ్మకు చెప్తాం. ఆ మాట అక్కడే ఉంటుందని నమ్మకం. ఆ నమ్మకం పోతే ఏమవుతుంది? ఆడవాళ్ళు ఆస్పత్రికి రావడం మానేస్తారు. దగ్గును కొంగులో దాచుకుంటారు. జబ్బు ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. కాబట్టి ఒకరి గుట్టు కాపాడితే ఊరికీ మేలే.

చట్టాలు కూడా ఇదే చెప్తున్నాయి.

ఒకటి: 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కలిసి ఒకే మాటగా తీర్పు ఇచ్చారు. మనిషి సొంత విషయాలు కాపాడుకోవడం ప్రాథమిక హక్కు అన్నారు.

రెండు: డాక్టర్లకు 2002లో నియమాలు చేశారు. రోగి చెప్పిన రహస్యం బయటపెట్టరాదు. కోర్టు అడిగితేనో, ఫలానా మనిషికి పెద్ద ప్రమాదం ఉంటేనో, కొన్ని అంటుజబ్బుల సంగతి ప్రభుత్వానికి తెలపాల్సి ఉంటేనో చెప్పవచ్చు. క్షయ అలాంటి జబ్బే. 2012 నుంచి దాన్ని ప్రభుత్వానికి తెలపాలి. అయితే డాక్టరు సర్కారుకు చెప్పడం వేరు. సర్కారు గోడకు చెప్పడం వేరు.

మూడు: హెచ్‌ఐవీ ఉన్నవారి కోసం 2017లో చట్టం చేశారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మామూలుగా ఆ మనిషి తెలిసి ఒప్పుకోకుండా పరీక్ష చేయరాదు. ఒప్పుకోకుండా ఆ సంగతి ఎవరికీ చెప్పరాదు.

నాలుగు: డాక్టరు దగ్గర గర్భం తీయించుకున్న ఆమె పేరు బయటపెట్టరాదు. చట్టప్రకారం తెలుసుకునే అధికారం ఉన్నవారికి మాత్రమే చెప్పాలి. ఈ మాటను 2021లో చట్టంలోనే చేర్చారు.

గోడే కాదు, ఫోను కూడా

ఇప్పుడు పట్టీలు గోడ మీదే ఉండవు. కంప్యూటర్లలో ఉంటాయి. ఫోనులో కనబడతాయి. 2018లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒకటి జరిగింది. తక్కువ ధరకు మందులు అమ్మడానికి ప్రభుత్వం "అన్న సంజీవని" అనే దుకాణాలు పెట్టింది. ఎంత అమ్మారో లెక్క ఇంటర్నెట్‌లో పెట్టారు. లెక్క పెట్టడం మంచిదే. కానీ కొన్నవారి పేరు, ఫోను నంబరు, ఏ మందు కొన్నారో కూడా అందులో కనబడింది. ఒక పరిశోధకుడు చూసి బయటపెట్టాడు. ఆ ఏడు జూన్‌లో వార్తల్లో వచ్చింది. మందు పేరు తెలిస్తే జబ్బు తెలిసినట్టే కదా!

మా ఊరి గోడను వంద మంది చూస్తారు. ఇంటర్నెట్‌ను లోకమంతా చూస్తుంది. పలక మీద రాసింది తడిబట్టతో తుడిస్తే పోతుంది. అది మన మార్కాపురం పలక గుణం. ఫోనులో తిరిగిన పట్టీ అలా పోదు. అందుకే ఎవరైనా జబ్బుల పట్టీ ఫొటో పంపితే మనం ఇంకొకరికి పంపకూడదు.

రెండూ కుదిరేది ఎట్లా?

చట్టం రెండింటికీ దారి చూపింది. సమాచార హక్కు చట్టంలో ఎనిమిదో సెక్షను ఉంది. ఏ సమాచారం ఇవ్వనక్కర్లేదో అది చెప్తుంది. మనుషుల సొంత సమాచారం అందులో ఒకటి.

మొదట్లో ఈ మాటకు కొన్ని షరతులు ఉండేవి. ప్రభుత్వ పనితో సంబంధం లేనిదైతేనే, లేక మనిషి గుట్టును అన్యాయంగా బయటపెట్టేదైతేనే ఆపవచ్చు అని ఉండేది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీన్ని మార్చింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు సొంత సమాచారం అని చెప్పి ఆపడానికి ఆ షరతులు లేవు. అంటే తలుపుకు తాళం పెద్దది చేశారు. "ఈ తాళం చాటున తప్పు చేసినవాళ్ళు కూడా దాక్కుంటారు" అని సమాచార హక్కు కోసం పనిచేసేవాళ్ళు భయపడుతున్నారు. "నష్టం కంటే ప్రజలకు మేలు ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు అనే మాట చట్టంలో ఇంకా ఉంది" అని ప్రభుత్వం అంటోంది. అది ఎనిమిదో సెక్షను రెండో భాగంలో ఉంది.

ఇందులో మనకు పనికొచ్చేది పదో సెక్షను. ఒక కాగితంలో ఇవ్వకూడని మాట ఉంటే, ఆ మాట మాత్రం కొట్టేసి మిగతాది ఇవ్వాలి. పేరు ఉంది కాబట్టి కాగితమే ఇవ్వం అనడం సరికాదు. పేరు మీద నల్ల సిరా పూసి, లెక్క ఇవ్వవచ్చు.

కాబట్టి ఇలా గుర్తుంచుకుందాం.

అడగవలసినవి:
మందుల స్టాకు ఎంత వచ్చింది? ఎంత ఖర్చయింది?
పోషణ డబ్బు ఎంతమందికి అందింది? ఎంతమందికి అందలేదు?
డాక్టరు పోస్టులు ఎన్ని? ఎన్ని ఖాళీ?
మన బోరు నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేశారు? ఫ్లోరైడు ఎంత?

అడగకూడనివి:
ఫలానా వారికి ఏ జబ్బు?
ఫలానా ఆమె ఏ మందులు తీసుకుంది?
ఎవరు గర్భం తీయించుకున్నారు?

ఇంకొక జాగ్రత్త. ఇరవై ఇళ్ళ పల్లెలో "క్షయ ఒకరికి" అని రాస్తే పేరు రాసినట్టే. ఎవరు బక్కచిక్కారో అందరికీ తెలుసు. అలాంటప్పుడు పల్లె లెక్క అడగవద్దు. మండలం లెక్క అడగండి.

నా కాగితం నాకు

ఇతరులకు మూసిన తలుపు మనకు మూసినట్టు కాదు. నా జబ్బు కాగితాలు నేను అడగవచ్చు. రోగి గానీ, రోగి తరఫున హక్కున్నవారు గానీ అడిగితే 72 గంటల్లో కాగితాలు ఇవ్వాలని 2002 నాటి డాక్టర్ల నియమాల్లో ఉంది. ఒంగోలుకో, గుంటూరుకో, కర్నూలుకో వైద్యానికి పోయినప్పుడు ఆ కాగితాలు పనికొస్తాయి. వాటిని బీరువాలోనో, పెట్టెలోనో దాచుకోండి. వాటికి ఫొటో తీసి ఎవరికిపడితే వారికి పంపకండి.

ఎవరైనా కాగితం ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టు" అంటే చదివి పెట్టండి. "ఇది ఎందుకు? ఎవరు చూస్తారు?" అని అడగండి. అడగడం తప్పు కాదు. వేలిముద్ర వేసిన రోజుల్లో మనకు అడగడానికి వీలు లేకపోయింది. ఇప్పుడు ఉంది.

అర్జీ రాద్దాం

ఈ కింది అర్జీ చూసి మీ నోటుబుక్కులో రాయండి. చుక్కలు ఉన్నచోట మీ వివరాలు నింపండి.

పౌర సమాచార అధికారి గారికి,
ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ..............

విషయం: సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం సమాచారం కోరుట.

అయ్యా / అమ్మా,
దయచేసి ఈ సమాచారం ఇప్పించగలరు.
1. గత సంవత్సరం మన మండలంలో క్షయకు మందులు వాడినవారు ఎంతమంది?
2. వారిలో పోషణ డబ్బు అందినవారు ఎంతమంది? అందనివారు ఎంతమంది?
3. మొత్తం ఎంత డబ్బు ఇచ్చారు?
నాకు రోగుల పేర్లు అవసరం లేదు. కాగితాల్లో పేర్లు ఉంటే సెక్షను 10 ప్రకారం కొట్టివేసి మిగతా భాగం ఇవ్వగలరు.

ఇట్లు,
పేరు: ..............
ఊరు: ..............
తేది: ..............
సంతకం: ..............

మన రాష్ట్ర నియమాల ప్రకారం ఊరి స్థాయి ఆఫీసులో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. ఆ పైన 10 రూపాయలు. పేదరికపు గీతకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర్లేదు. అందుకు ఆధారంగా కార్డు నకలు జతచేయాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు రాయాలి. అక్కడా పని జరగకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషనుకు రాయవచ్చు. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోండి.

మరి గోడ మీద జబ్బుల పట్టీ కనబడితే? గొడవ పడవద్దు. చించవద్దు. వెంటనే ఆఫీసులో చెప్పండి. "డబ్బు లెక్క ఉంచండి. పేర్లు, జబ్బు తీసేయండి" అని రాసి ఇవ్వండి. వినకపోతే ఆరోగ్య కేంద్రం డాక్టరుకు, మండల అధికారికి రాయండి. అప్పటికీ కాకపోతే కలెక్టరు గారికి అర్జీ ఇవ్వండి. ఒక్కరు వెళ్ళడం కంటే నలుగురు వెళితే మేలు.

మళ్ళీ బడికి

మేమూ అలాగే చేశాం. అర్జీ నేను రాయలేదు. పైకి చదివిన ఆ చెల్లెలే రాసింది. రెండు తప్పులు పోయాయి. దిద్దుకుని మళ్ళీ రాసింది. పదకొండు మంది సంతకాలు పెట్టారు. మర్నాడు కాగితం తీశారు. దాని బదులు "మొత్తం ఎంతమంది, ఎంత డబ్బు" అని మాత్రం రాసి పెట్టారు.

బోరింగు దగ్గర మాటలు అంత తొందరగా ఆగలేదు. ఆశా అమ్మ వచ్చి క్షయ ఎలా అంటుతుందో, ఎలా అంటదో బడిలోనే చెప్పింది. తర్వాత ఆ అక్క వచ్చింది. చెల్లెలు పక్కకు జరిగి చోటిచ్చింది. దూరం పెట్టడానికి కాదు, కూర్చోబెట్టుకోవడానికి.

ఆ రోజు నేను కొత్త పాఠం చెప్పాను. "ఇన్నాళ్ళు పైకి చదవడం నేర్చుకున్నాం. ఈ రోజు మనసులో చదవడం నేర్చుకుందాం. ఊరి పద్దు కనబడితే పైకి చదవండి. మనిషి జబ్బు కనబడితే మనసులో కూడా చదవకుండా తల తిప్పుకోండి."

అక్క నవ్వింది. "టీచరమ్మా, అక్షరం కనబడినాక చదవకుండా ఎట్టా ఉంటాము?" అంది.

నిజమే. అందుకే అక్కడ రాయకుండా చూడాలి.

కొత్త మాటలు
పద్దు: డబ్బు వచ్చిన, ఖర్చయిన లెక్క
పట్టీ: పేర్లు వరుసగా రాసిన కాగితం
మస్టరు: పనికి వచ్చినవారి హాజరు పుస్తకం
సామాజిక తనిఖీ: ఊరివాళ్ళ ముందు లెక్కలు సరిచూడడం
సెక్షను: చట్టంలో ఒక భాగం
రుసుము: అర్జీకి కట్టే డబ్బు
అప్పీలు: పై అధికారికి చేసుకునే విన్నపం

చదివి చెప్పండి
1. క్షయ ఎలా అంటుతుంది? ఎలా అంటదు?
2. సమాచార హక్కు చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది?
3. పదో సెక్షను ఏమి చెప్తుంది?
4. చిన్న పల్లెలో లెక్క చెప్పినా పేరు చెప్పినట్టే. ఎందుకు?

కలిసి మాట్లాడండి
కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇచ్చే పింఛను పట్టీ గోడ మీద పెట్టవచ్చా? పెట్టకపోతే దొంగ పేర్లు ఎలా పట్టుకోవాలి? మీ మాట మీరు చెప్పండి. పక్కవారి మాట వినండి.

రాయండి
మీ ఊరి బోరు నీళ్ళ పరీక్ష వివరాలు అడుగుతూ ఒక అర్జీ రాయండి. కింద మీ పేరు మీరే సంతకం చేయండి.